టీ చల్లారింది

మా ఇంట్లో టీ చల్లారడం చిన్న విషయం కాదు. పెళ్లయి 22 ఏళ్లు. మా ఆవిడకీ నాకూ జరిగిన పోట్లాటల్లో సగం, నేను గ్లాసు పెదాలకి ఆనించి "చల్లారిపోయిందే" అనడంతో మొదలయినవే. నా లెక్కలో టీ అంటే గ్లాసు పట్టుకుంటే వేళ్లు చురుక్కుమనాలి. పేపర్లో ఒక వార్త ఎక్కువ చదివి, ఆ తప్పు టీ మీదికి తోసి, "కాస్త వెచ్చబెట్టుకురా" అని గ్లాసు వెనక్కి పంపడం నాకు అలవాటు. అలాంటి నేను మొన్న కత్తెర ఎండల్లో, చొక్కా విప్పి, లుంగీ ఎగ్గట్టి, దొడ్లో ముక్కాలిపీట మీద కూర్చుని, లీటరున్నర టీ ఎప్పుడు చల్లారుతుందా అని రెండు గంటలు కాపలా కాశాను.

దీనికంతా కారణం మా పాప. బెంగుళూరులో చదువుతోంది. సెలవలకి నెల్లూరు వచ్చిన రోజే, బ్యాగు కింద పెట్టకుండానే, "నాన్నా, అక్కడ ఎర్ల్ గ్రే ఐస్‌క్రీం తిన్నా. టీతో చేస్తారు. ఒక స్కూపు 220 రూపాయలు" అంది.

"టీతో ఐస్‌క్రీమా? ఎవడో తాగడం మర్చిపోయి ఫ్రిజ్జులో పెట్టుంటాడు" అన్నాను. 220 రూపాయలంటే మా మూలాపేట బంకులో రోజుకొకటి చొప్పున మూడు వారాలు టీ తాగొచ్చు. ఆ మాట కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది. "అయితే నువ్వే చెయ్యి నాన్నా, నువ్వు ఫిజిక్సు మాస్టారువి కదా" అంది. పాతికేళ్లుగా తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఘనీభవన స్థానం గురించి చెబుతున్నవాణ్ణి. ఈ మాట అన్నాక వెనక్కి తగ్గితే ఎట్టా?

ఎర్ల్ గ్రే అంటే బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ వాసన పట్టించిన టీ అని పాప చెప్పింది. పక్కనే తమలపాకులు తుడుచుకుంటున్న మా అమ్మ వెంటనే, "నిమ్మకాయేగా? గూడూరు, పొదలకూరు కాయలు దేశమంతా పోతుండాయి. ఇంట్లోకి పనికిరావా?" అంది. అమ్మ మాట ఎందుకు కాదనాలని మరుగుతున్న పాల టీలో రెండు నిమ్మకాయలు పిండాను. పాలు మర్యాదగా విరిగి, టీ రంగు పనీరు తయారయింది. బెర్గమాట్ వాసన తొక్కలో ఉండే నూనెది, పులుపేమో రసంది. వాళ్లు తొక్కనూనె వాడతారు, నేను రసం పిండాను. మా స్కూల్లో కెమిస్ట్రీ చెప్పే ఆయనకి ఈ సంగతి ఇప్పటికీ తెలీదు. తెలియకుండా ఉండటం నాకూ మంచిది.

మర్నాడు నిమ్మకాయ జోలికి పోకుండా ఉత్త టీతోనే చేశాను. డాక్టరు నన్ను పంచదార తగ్గించమన్నాడు కదా అని నాలుగంటే నాలుగు చెంచాలు వేసి, రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాను. పొద్దున్నే చూస్తే బండ. పంచదార తీపికోసమే కాదట, నీళ్లు పూర్తిగా గడ్డకట్టకుండా అడ్డం పడి ఐస్‌క్రీముని మెత్తగా ఉంచేది కూడా అదేనట. గరిటె వంగింది. మా ఆవిడ దాన్ని రోట్లో వేసి దంచింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోలు పగిలేట్టుంది గానీ ఇది మాత్రం పగల్లేదు.

అప్పుడొచ్చింది నాకు రోషం. ఫ్రీజరు వదిలేసి, పుస్తకంలో ఉన్నదే చేద్దామనుకున్నా. ఐసులో ఉప్పు కలిపితే దాని చలి సున్నాకి దిగువన 21 డిగ్రీల దాకా పోగలదు. ఉప్పు తగిలిన ఐసు కరగాలంటే వేడి కావాలి, ఆ వేడి పక్కనున్న పాలల్లోంచి లాక్కుంటుంది. మధ్యలో పాలక్యాను పెట్టి తిప్పుతూ ఉంటే గడ్డకట్టే పలుకులు చిన్నవిగా ఉండి, గాలి కూడా కలిసి, మెత్తటి ఐస్‌క్రీం అవుతుంది. బజారు ఐస్‌క్రీముల్లో కొన్నిట్లో సగం దాకా గాలే ఉంటుంది. మనం డబ్బులిచ్చి కొనుక్కునేది ఆ గాలిని కూడా. ఇట్టా తిప్పడానికి పిడి ఉన్న మిషను మీద అమెరికాలో నాన్సీ జాన్సన్ అనే ఆవిడ 1843లోనే పేటెంటు తీసుకుంది. ఆ తల్లి పిడి పెట్టింది. నా దగ్గర పిడి లేదు, రెండు చేతులుండాయి.

టీ సంగతి కూడా ఈసారి జాగ్రత్తగానే చూశాను. బెంగుళూరు వాళ్లది ఆకు టీ, మన ఇళ్లల్లో ఉండేది గింజల్లాంటి సీటీసీ పొడి. అది రెండు నిమిషాల్లో రంగూ వగరూ అంతా దించేస్తుంది. అయితే చల్లటి నాలుకకి తీపి సరిగ్గా తెలీదు, టీ కూడా తెలీదు. అందుకని తాగేదానికంటే చిక్కగా, తియ్యగా ఉండాలి. గేదె పాలు లీటరున్నర మరగ్గాచి, పొయ్యి కట్టేసి, ఆరు చెంచాల పొడి వేసి మూతపెట్టి, ఐదు నిమిషాలకి వడగట్టాను. పావుకిలో పైన పంచదార, మూడు ఏలకులు. డాక్టరు మాట డాక్టరుదే, సైన్సు మాట సైన్సుదే. ఆ దశలో రుచి చూస్తే, నిజం చెబుతున్నా, అద్భుతంగా ఉంది. అక్కడ ఆగి, గ్లాసుల్లో పోసుకుని తాగేసుంటే ఈ కథ లేదు.

ఐసు కావాలి. ఆదివారం పొద్దున ఏడు గంటలకి చేపల మార్కెట్టు దగ్గర ఐసు అంగడికి పోయాను. నెల్లూరులో ఆదివారం పొద్దున్నే ఐసు కొనేవాడు ఒకే ఒకందుకు కొంటాడు. అంగడాయన నా మొహం కూడా చూడకుండా, "ఏం చేపలు సార్?" అన్నాడు.

టీ చల్లార్చడానికి అని చెప్పాలంటే నోరు రాలేదు. పక్కన దిమ్మలు కోస్తున్న పిల్లోడు నా దగ్గర పదో తరగతి చదివినవాడు. అప్పుడే గుర్తుపట్టి నమస్కారం కూడా పెట్టాడు.

"కొర్రమీను" అన్నాను.

"యాణ్ణించి తెప్పించారు?"

"మైపాడు."

అంగడాయన ఇప్పుడు తలెత్తి చూశాడు. "కొర్రమీను సముద్రంలో యాడుంటది సార్?"

నాకు చెమట పట్టింది. పదో తరగతి పిల్లోడు రంపం ఆపేశాడు. "సోమశిల... సోమశిల నుంచి. మైపాడు నుంచి వేరేవి" అన్నాను. "ఎన్ని కిలోలు?" అన్నాడు. "ఐదు" అన్నాను. ఒకసారి అబద్ధం మొదలుపెట్టాక కిలోకీ ఐదు కిలోలకీ పెద్ద తేడా ఉండదు. ఆయన చాలా గౌరవంగా పావు దిమ్మ కోయించి, ఊక చల్లి, గోనెపట్టాలో చుట్టి స్కూటరు ముందు పెట్టించాడు. ఆ పట్టా అంతకుముందు ఎన్ని మణుగుల రొయ్యలు మోసిందో, వాసన మాత్రం దారి పొడుగునా నాకు తోడొచ్చింది. ఐసు కారి, మూలాపేట వీధిలో మా ఇంటి దాకా నీళ్ల గీత పడింది. ఆ గీతని వీధంతా చదివింది.

"ఏం మాస్టారూ, ఈరోజు గట్టిగానే ఉండాదే!" అంది పక్కింటి ఆవిడ, గేటు దగ్గర ముగ్గేస్తూ. నేను నవ్వాను. నవ్వితే ఏదీ ఒప్పుకున్నట్టు కాదనుకున్నాను. పది నిమిషాల్లో వాళ్ల పిల్లవాడు నాలుగు పచ్చి మామిడికాయలు తెచ్చి మా గట్టుమీద పెట్టాడు. "మా చెట్టువంట సార్. పులుసులోకంట."

ఐసుని రోకలితో కొట్టి, గంగాళంలో పోసి, మూడు పాళ్ల ఐసుకి ఒక పాలు కల్లుప్పు లెక్కన కలిపి, మధ్యలో క్యాను దింపి తిప్పడం మొదలుపెట్టాను. అరచుట్టు ఇటు, అరచుట్టు అటు. క్యాను పైన తెల్లగా మంచు పూత పట్టింది. పాప ఫొటో తీసింది. నాకు ఛాతీ ఉప్పొంగింది.

అప్పుడే వచ్చింది మొదటి పిల్లి. గోడ మీది తెల్లది. దిగి, గంగాళానికి బారెడు దూరంలో, ముందు కాళ్లు దగ్గరగా పెట్టి కూర్చుంది. తర్వాత మచ్చల పిల్లి. తర్వాత చెవి తెగిన గండుపిల్లి, దాన్ని మా వీధిలో నేను ముందెప్పుడూ చూడలేదు, ఏ సంతపేట నుంచో వచ్చుంటుంది. మూడూ ఒక్క అరుపు లేకుండా, క్లాసులో ముందు బెంచీ పిల్లల్లాగా, క్యాను మూత వంకే చూస్తున్నాయి. నా పాతికేళ్ల సర్వీసులో అంత శ్రద్ధగా విన్న క్లాసు ఇంకోటి లేదు.

"పిల్లులొచ్చినాయంటే ఏందో ఉండాదిరా అబయా, నా దగ్గర దాస్తుండావు" అంది అమ్మ.

గంట గడిచింది. అంచులకి పట్టింది గీకి లోపలికి తోస్తూ, మూత పెడుతూ, మళ్లీ తిప్పుతూ. జావలాగా అయింది గానీ ముందుకి కదలదు. ఇంకో గుప్పెడు ఉప్పు వేశాను. ఐసు కరిగి గంగాళంలో నీళ్లు పైకొస్తున్నాయి. క్యాను మూత వదులు. ఒక్కో చుట్టుకీ ఆ ఉప్పునీళ్లు మూత అంచు దాటి గుటుక్కు గుటుక్కుమని లోపలికి పోతున్నాయి. నేను చూడలేదు. ఉప్పు కలిస్తే నీళ్లు గడ్డకట్టవని పాతికేళ్లుగా బోర్డు మీద రాస్తున్న నేను, లోపలున్నది ఎందుకు గడ్డకట్టట్లేదో అర్థంకాక పాలు నీళ్లపాలని పాలవాణ్ణి తిడుతూ కూర్చున్నాను.

బయట బుల్లెట్టు చప్పుడయింది. పెన్న దాటి కోవూరు నుంచి మా బావమరిది. వెనక వాళ్లావిడ, మధ్యలో ఒకడు, ట్యాంకు మీద ఒకడు. ఆవిడ చేతిలో నాలుగు గిన్నెల ఖాళీ క్యారియరు.

"ఏం బావా, ఐదు కిలోల కొర్రమీను తెచ్చి ఒక్క మాట చెప్పలేదే!"

మా బావమరిదివి రొయ్యల గుంటలు. ఐసు ఎక్కడ కొంటాడో నాకు అప్పుడు గుర్తొచ్చింది.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. పొయ్యి మీద ఉన్నవి మునక్కాయల సాంబారు, వంకాయ వేపుడు. తమ్ముడి వంక చూసింది. క్యారియరు వంక చూసింది. గట్టుమీది మామిడికాయల వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఉప్పూ ఐసూ కలిస్తే సున్నాకి దిగువన 21 దగ్గర ఆగుతుంది. మా ఆవిడ చూపుకి అట్టాంటి హద్దేమీ పుస్తకాల్లో రాయలేదు.

జరిగింది చెప్పాను. ఎవరూ నవ్వలేదు. చేపల పులుసు కోసం పెన్న వంతెన దాటి వచ్చినవాళ్లకి నవ్వు అంత త్వరగా రాదు. మా బావమరిది చిన్నకొడుకు మాత్రం "ఐస్‌క్రీమా!" అని ఎగిరాడు. ఆ ఒక్క కేకతో ధైర్యం తెచ్చుకుని క్యాను మూత తీసి, గిన్నెల్లోకి వంచాను. ధారగా పడింది.

చిన్నోడు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మింగకుండా, వాళ్లమ్మ వంక చూశాడు. పాప కూడా ఒక చెంచా తిని కాసేపు ఆగింది. నా మీద ప్రేమ ఉన్న పిల్ల. "నాన్నా, కాశ్మీరులో టీలో ఉప్పే వేస్తారు. నూన్ చాయ్ అంటారు" అంది.

మా అమ్మ గిన్నె ఎత్తి ఒక గుక్క తాగింది. "ఏందిరా ఇది, ఇంత చల్లారిపోయుండాది. వెచ్చబెట్టుకురాపో" అని గిన్నె నా చేతికిచ్చింది. మా ఆవిడ అప్పుడు నవ్వింది. 22 ఏళ్లుగా దాచుకున్న నవ్వు లాగుంది, ఎంతకీ ఆగలేదు.

మా బావమరిది ఒక్కడే మాట్లాడలేదు. బొమ్మిడాయిల పులుసు దగ్గర కూర్చున్నట్టు మఠం వేసుకుని, రెండు వేళ్లతో అంచుది తీసి, నాకి, కళ్లు మూసుకున్నాడు. గండుపిల్లి ఆయన మోకాలి దగ్గరికి జరిగింది.

"ఉప్పు సరిపోయింది బావా" అన్నాడు. "వాసన కూడా కొంచెం తగుల్తుండాది. రెండు మామిడికాయ ముక్కలు పడుండాల్సింది."