బొమ్మ చూసి ఊహిస్తే చదివినట్టు కాదు

పుస్తకంలో ‘హార్స్’ అని రాసి ఉంటుంది. పైన గుర్రం బొమ్మ. పిల్లాడు బొమ్మ వైపు ఓ చూపు చూసి ‘పోనీ’ అంటాడు. “పర్లేదు, అర్థం చెడలేదు కదా, బాగా చదివావు” అని మెచ్చుకుని పేజీ తిప్పేస్తారు. ఈ పద్ధతి మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. వాడు ఆ మాటలో ఒక్క అక్షరం కూడా చూడలేదండీ! రెండో తరగతి దాకా బొమ్మలు కాపాడతాయి. నాలుగో తరగతికి వచ్చేసరికి బొమ్మలు తగ్గిపోతాయి, ఎన్నడూ వినని మాటలు పేజీ నిండా వస్తాయి. అప్పుడు “వీడికి చదువు మీద శ్రద్ధ లేదు” అని ముద్ర వేస్తారు. ఊహించమని నేర్పింది పెద్దవాళ్లు, మాట పడేది పిల్లాడు.

ఇది ఎవరో తెలియక చేసిన పొరపాటు అనుకుంటే అదీ కాదు. 1967లో కెన్నెత్ గుడ్‌మన్ అనే అమెరికా విద్యావేత్త, చదవడమంటేనే ఒక ఊహల ఆట అని సిద్ధాంతం చేశారు. సరిగ్గా అదే ఏడాది జీన్ చాల్ అనే మరో పరిశోధకురాలు, అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ తిరగేసి, అక్షరాలకూ ధ్వనులకూ ఉన్న సంబంధాన్ని మొదట్లోనే నేరుగా నేర్పితే పిల్లలు మెరుగ్గా చదువుతారని తేల్చారు. అయినా చాలా బడులు ఊహల వైపే మొగ్గాయి. 2000లో అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల బృందం, 2006లో ఇంగ్లండ్‌లో ప్రభుత్వం రాయించిన రోజ్ నివేదిక మళ్లీ ఫోనిక్స్ వైపే, అంటే అక్షరాల ధ్వనులు నేర్పి కలిపి చదివించే పద్ధతి వైపే చెప్పాయి. అంతకాలం మధ్యలో నలిగిపోయిన పిల్లల సంగతి ఎవరు చూడాలి?

2012 నుంచి ఇంగ్లండ్‌లో ఐదారేళ్ల పిల్లలకు చిన్న పరీక్ష ఒకటి పెడుతున్నారు. 40 మాటలు చదివించి చూస్తారు. అందులో 20 మాటలకు అసలు అర్థమే ఉండదు. “అర్థం లేని మాటలు చదివించడం ఏం చోద్యం?” అని దాని మీద పెద్ద గొడవే జరిగింది. నాకు మాత్రం ఆ పరీక్షలో అన్నిటికన్నా విలువైనవి ఆ 20 మాటలే. వాటిని బట్టీ పట్టడానికి వీల్లేదు, బొమ్మ చూసి ఊహించడానికీ వీల్లేదు. అక్షరాల్ని ధ్వనులుగా మార్చి కలపడం వచ్చిందా లేదా అన్నది అక్కడ దాచినా దాగదు.

ఇక మన దగ్గర ఫోనిక్స్ పేరుతో జరిగేది ఇంకో తీరు. పుస్తకం కొంటారు, పాట నేర్పుతారు, ‘బి’ అంటే ‘బ’, ‘టి’ అంటే ‘ట’ అని చెప్పిస్తారు. తెలుగు హల్లులో ‘అ’ కలిసే ఉంటుంది కాబట్టి మన నోటికి అలాగే వస్తుంది. కానీ ‘బ, ఆ, ట’ అని ఎన్నిసార్లు కలిపినా ‘బ్యాట్’ రాదు. పిల్లలు అక్కడే ఆగిపోతారు, టీచర్ తలపట్టుకుంటారు. నేర్పాల్సింది పొల్లు ధ్వని: ‘బ్’, ‘ట్’. పొల్లు అంటే ఏమిటో తెలిసిన భాష మనది, ఈ తేడా మనకన్నా తేలిగ్గా ఎవరు చెప్పగలరు? మొదట స్, మ్, ఫ్ లాంటి సాగదీయగలిగే ధ్వనులతో మొదలుపెడితే కలపడం ఇంకా సులువు. ‘స్స్స్’ అంటూ ఆపకుండా తర్వాతి ధ్వనిలోకి జారిపోవచ్చు.

“ఇంగ్లిష్‌కి రూల్స్ ఎక్కడివండీ, అన్నీ గుర్తుపెట్టుకోవాల్సిందే” అనే వాళ్లకో మాట. 26 అక్షరాలతో దాదాపు 44 ధ్వనులు రాయాలి కాబట్టి చిక్కులు ఉన్నమాట నిజమే. అయినా ‘సెడ్’ లాంటి మొండి మాటలో కూడా మొదటి ‘ఎస్’, చివరి ‘డి’ చెప్పినట్టే వింటాయి. తిరకాసంతా మధ్యలో ఉన్న ‘ఎ ఐ’ దగ్గరే. ఆ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోమని చెప్తే సరిపోయేదానికి, మాట మొత్తాన్నీ బొమ్మలా బట్టీ పట్టించడం ఎందుకు?

తెలుగుకి ఈ గొడవ లేదు, రాసినట్టే చదువుతాం అంటారు. నిజమే. కానీ గుణింతం గడగడా అప్పజెప్పే పిల్లకి వరస తప్పించి ‘కీ’ ఒక్కటే చూపించండి. చాలామంది క, కా, కి అని మళ్లీ మొదటి నుంచి వల్లె వేసుకుంటూ వస్తే గానీ చెప్పలేరు. గుణింతాలు, ఒత్తులు కలిస్తే గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. 56 అక్షరాలూ అయ్యాకే మాటలు అని కూర్చోకుండా త, ల, వ, ర వచ్చిన రోజే ‘తల’, ‘వల’, ‘వర’ చదివించవచ్చు. కూడబలుక్కుని చదివిన ఆ మొదటి మాట వాళ్లకిచ్చే ధైర్యం, అక్షరమాల మొత్తం అప్పజెప్పినా రాదు.

రాత సంగతి ఇంకా బాధాకరం. పేజీలకు పేజీలు చూచిరాత! బుర్ర ఎక్కడో ఉన్నా చేయి తన పని చేసుకుపోతుంది. దానికి బదులు ‘షిప్’ అని పలికి, విడదీసి రాయమనండి. పిల్లాడు ఎస్, ఐ, పి అని రాశాడనుకోండి. ఎర్ర ఇంకుతో కొట్టేసే ముందు ఒక్క క్షణం చూడండి: మూడు ధ్వనులూ విన్నాడు, వరస తప్పలేదు, ‘ష్’ కి రెండు అక్షరాలు కావాలన్నది ఒక్కటే తెలియదు. రేపు ఏం నేర్పాలో ఆ తప్పే చెప్తోంది. పొందిగ్గా దిద్దిన చూచిరాత పేజీ ఆ సమాచారం ఎప్పటికీ ఇవ్వదు.

‘బి’ ని ‘డి’ గా రాస్తే భయపడిపోకండి కూడా. కుర్చీ ఎటు తిప్పినా కుర్చీయే అని అప్పటిదాకా నేర్చుకున్న కళ్లు అవి. అటూ ఇటూ తిప్పితే పేరే మారిపోయే వస్తువు వాళ్లకి కొత్త. ధ్వనిని పైకి పలుకుతూ, ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా రాయిస్తే చాలామందికి సర్దుకుంటుంది. ఏడెనిమిదేళ్లు దాటినా అలాగే ఉండి, చదవడం కూడా బాగా కష్టంగా ఉంటే మాత్రం డిస్లెక్సియా (చదవడం, రాయడం నేర్చుకోవడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది) ఉందేమో నిపుణులకు చూపించడం ఆలస్యం చేయొద్దు.

ఫోనిక్స్ ఒక్కటే చాలని నేను అనను. గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పిన లెక్క నాకు చాలా ఇష్టం: అక్షరాలు విప్పగలగడాన్ని భాష అర్థమవడంతో గుణిస్తే వచ్చేది చదువు. కూడిక కాదు, గుణకారం. ఏది సున్నా అయినా మొత్తం సున్నాయే. ‘షిప్’ అని చక్కగా చదివి, అదేమిటో తెలియకపోతే ఏం లాభం? అందుకే కథలు చదివి వినిపించాలి, కబుర్లు చెప్పాలి, కొత్త మాటలు వాడాలి. ఇంగ్లిష్ ఇంట్లో వినపడని పిల్లలకు ఇది రెట్టింపు అవసరం.

టీచర్లకూ, అమ్మానాన్నలకూ ఒకే విన్నపం. పిల్లలు కొత్త మాట దగ్గర తడబడినప్పుడు బొమ్మ మీద అరచెయ్యి పెట్టండి. “ఏమై ఉంటుందో చెప్పు” అనకండి. మొదటి అక్షరం నుంచి చివరి దాకా వేలు పెట్టి కలపమనండి. మీరు అందించకుండా, విసుక్కోకుండా, వాళ్లకు కావాల్సినంత సేపు ఆగండి.