మూడు మీటలే కదా అంటున్న మెసేజ్‌కి నా జవాబు

కాలేజీ గ్రూపులో వచ్చింది, కాలనీ గ్రూపులో వచ్చింది, చివరికి పెద్దమ్మ వాళ్ల ఫ్యామిలీ గ్రూపులోకి కూడా వచ్చిపడింది. 'సెలవుల్లో పిల్లలకి ట్రంపెట్ నేర్పించండి, పది రోజుల్లో వచ్చేస్తుంది' అంటూ ఆరు పాయింట్లు, కింద వరసగా దండాల బొమ్మలు. పంపుతున్నవాళ్లలో ట్రంపెట్ చేత్తో పట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. నేను ఊదుతానని తెలుసు కాబట్టి నన్ను ట్యాగ్ చేసి 'నిజమేనా అన్నయ్యా' అంటున్నారు. కాదు తమ్ముడూ.

తేలిగ్గా తేలిపోయేవి ముందు. ఈజిప్టు రాజు టుటంఖమున్ సమాధిలో దొరికిన బాకాని 1939లో రేడియో కోసం ఊదారు, అందుకే రెండో ప్రపంచ యుద్ధం వచ్చిందట. ఊదిన మాట నిజమే. హిట్లర్ మాత్రం దాని కోసం చెవులు రిక్కించుకుని కూర్చోలేదు. 'ఆడపిల్లలకి ఊపిరి చాలదు' అన్నది ఇంకో పాయింట్. బ్రిటన్ ట్రంపెట్ కళాకారిణి ఆలిసన్ బాల్సమ్ వాయించిన వీడియో ఏదైనా ఒకటి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

'మూడే మీటలు, అందుకే అన్ని వాయిద్యాల్లోకీ ఇదే తేలిక.' ఆ లెక్కన సైనికులు ఊదే బాకా బ్యూగిల్‌కి ఒక్క మీటా లేదు, పుట్టగానే వచ్చేయాలి. మీట నొక్కితే గాలి తిరిగే గొట్టం పొడవు పెరుగుతుంది, అంతే. మధ్యది ఒక సెమీటోన్ (హార్మోనియంలో పక్క మెట్టుకి ఉండేంత తేడా) దించుతుంది, మొదటిది రెండు, మూడోది మూడు. అసలు ఏ మీటా నొక్కకుండానే స, ప, పై స, ఆ పైన గ, ప పలుకుతాయి. వాటిలో ఏది పలకాలో నిర్ణయించేది పెదవి. హార్మోనియంలో మెట్టు నొక్కితే ఆ స్వరమే వస్తుంది. ఇక్కడ వేళ్లన్నీ సరిగ్గా పెట్టినా పక్క స్వరం పలికి పరువు తీస్తుంది. దీనికి తోడు 'పెళ్లి బ్యాండు వాళ్లు ఏం నేర్చుకున్నారని వాయిస్తున్నారు?' అని ఓ ఎత్తిపొడుపు. ఊరేగింపు వెంట నడుస్తూ, కాగితం లేకుండా, పాట వెనక పాట గంటల తరబడి ఊదడం ఎవరికీ ఊరికే రాదు. ఆ మెసేజ్ రాసినాయన్ని ఒక వీధి చివరిదాకా ఊదమనండి చూద్దాం.

బుగ్గలు నిండా పూరించి ఊదాలట. సాక్ష్యంగా అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ ఫొటో. పైగా ఆయన ఊదిన బలానికి గొట్టమే పైకి వంగిపోయిందట! ఇత్తడి అండీ అది, అప్పడం కాదు. 1953లో ఒక పార్టీలో ఎవరో దాని మీద పడితే వంగింది. ఆ ధ్వని నచ్చి తర్వాత అలాగే చేయించుకున్నాడు. బుగ్గల మాటకొస్తే, ఆయనకి చెల్లింది. కొత్తవాళ్లు బుగ్గలు ఉబ్బిస్తే పెదవుల మూలలు వదులైపోతాయి, స్వరం నిలవదు.

నాకు నిజంగా ఒళ్లు మండిన పాయింట్ ఇది: 'పై స్వరాలు రాకపోతే మౌత్‌పీస్‌ని (పెదవులకి ఆనించి ఊదే చిన్న గిన్నెలాంటి ముక్క) పెదవులకేసి గట్టిగా నొక్కండి.' ఇది చదివి మా బంధువుల పిల్లాడొకడు మూతి మీద ఎర్రటి రింగు వేసుకుని తిరుగుతున్నాడు. వాడి పళ్లకి క్లిప్పులు కూడా ఉన్నాయి. ఆ తీగెలకీ ఇత్తడి అంచుకీ మధ్య పెదవి పెట్టి నొక్కమని సలహా ఇస్తున్నారు, ఆలోచించండి. ట్రంపెట్‌లో మోగేది పెదవే. 440 హెర్ట్జ్ స్వరం కావాలంటే అది సెకనుకి 440 సార్లు అదరాలి. ఇంకా పైకి వెళ్లాలంటే ఇంకా వేగంగా అదరాలి. అందుకు గాలి వేగం పెరగాలి, పెదవుల మధ్య సందు చిన్నదవ్వాలి, మూలలు బిగవాలి. నొక్కితే జరిగేది దీనికి తలకిందులు: రక్తం ఆడదు, పెదవి మొద్దుబారుతుంది, అదరడం ఆగిపోతుంది. స్వరం పోయిందని ఇంకాస్త నొక్కుతారు. మొదట్లో ఒకటో రెండో పై స్వరాలు వస్తాయి, అందుకే ఈ చెడ్డ అలవాటు అంత గట్టిగా పట్టుకుంటుంది. జాజ్ ట్రంపెట్‌లో మహా విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడికే పెదవి చిట్లి కొంతకాలం వాయించడం ఆపాల్సి వచ్చింది. పెదవుల చుట్టూ ఉండే కండరం చిరిగితే దానికి వైద్యులు పెట్టిన పేరు సాచ్‌మో సిండ్రోమ్, ఆయన ముద్దుపేరే. అసలు ఆనించనే కూడదని కాదు. గాలి పక్కనుంచి లీకవకుండా ఆనితే చాలు.

ఇక చివరి పాయింట్, 'రోజుకి పావుగంట చాలు.' దీన్ని కూడా ఉతికేద్దామనే కూర్చున్నాను. కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇది మంచి మాట, ఒప్పుకోక తప్పదు. కాసేపు ఊదాలి, అంతసేపూ ఆపాలి, పెదవి అలిసిందంటే ఆ పూటకి పెట్టె మూసేయాలి. ఒక్క మౌత్‌పీస్‌తో బర్రుమనిపించడం, ఒకే స్వరాన్ని వణక్కుండా నిలబెట్టడం, మొదట్లో ఈ రెండూ వస్తే చాలు. పాటలు తర్వాత. ఆ తర్వాత అంటే పదకొండో రోజు కాదు.