నీలి గీత గారికి ఒక సైకిల్ వాడి విన్నపం

మహారాజశ్రీ నీలి గీత గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం అని రాయడానికి లేదు. వారమైనా మోకాళ్లు రెండూ దిండు మీదే ఉన్నాయి. అక్కడ మీరు క్షేమమేనని తెలుసు. మీకు మోకాళ్లు లేవు కదా.

నన్ను మీరు గుర్తుపట్టకపోవచ్చు. పోయిన ఆదివారం తెల్లారకముందే మంచంలో పడుకుని, ఫోన్‌లో సైకిల్ దారుల మ్యాప్ తెరిచి, దారి చూపే గీతైన మిమ్మల్ని వేలితో అటూ ఇటూ జరిపి చూసినవాణ్ణి. మధ్యలో నీలంగా సరస్సు, చుట్టూ పచ్చగా అడవి, ఓ మూల పాతకాలపు కోట పట్టణం, అన్నిటినీ కలుపుతూ మెడలో హారంలా మీరు. 58 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 310 మీటర్లు. పక్కనే 'సులువు' అని పచ్చటి ముద్ర. చెరువు గట్టున పోయే రోడ్డుకి ఎత్తేముంటుందిలే అనుకున్నాను. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. అందులో మొదటి సగాన్ని నమ్మి బయల్దేరాను. రెండో సగం మీ గురించేనని మొదటి వాగు దగ్గర తెలిసింది.

సరస్సు నీళ్లు సమంగానే ఉంటాయండీ, దాన్ని నేను కాదనను. కానీ రోడ్డు వేసింది నీళ్ల మీద కాదు కదా. సరస్సులోకి నీళ్లు రావాలంటే వాగులు రావాలి. వాగు అన్నాక దాని లోయ దానికుంటుంది. రోడ్డు ఆ లోయలోకి దిగి, వాగు దాటి, అవతలి గుట్ట భుజం ఎక్కి, మళ్లీ ఇంకో వాగులోకి దిగుతుంది. నేను పదకొండు వాగుల దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత వాగులు అయిపోలేదు, నాకు లెక్కపెట్టే ఓపిక అయిపోయింది. పైగా అది ఆనకట్ట కట్టగా నిండిన సరస్సు. నది పక్కన చదునుగా సాగిన పాత రోడ్డు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. కొత్తది కొండ వాలును తొలిచి పైన వేశారు. చక్కటి రోడ్డు చేపలకిచ్చి, మెరక రోడ్డు మనకిచ్చారన్నమాట. ఈ సంగతి మీరు ముందే చెవిన వెయ్యొచ్చుగా?

ఇంటికొచ్చాక చూసుకుంటే నా హ్యాండిల్ మీది మీటరు 560 మీటర్లు ఎక్కావంది. మీరేమో 310 అన్నారు. మిగతా 250 మీటర్లు ఎవరు ఎక్కినట్టు?

దీని మీద కాస్త తవ్వాను. మోకాళ్లు దిండు మీద ఉన్నవాడికి తవ్వకం తప్ప పనేముంది? 2000 ఫిబ్రవరిలో ఎండవర్ వ్యోమనౌక పదకొండు రోజులు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో నేల ఎత్తుపల్లాలన్నీ కొలిచింది. భూమ్మీది నేలలో దాదాపు 80 శాతం ఒక్క ఊపులో కొలిచేశారు. వాళ్లకు రెండు చేతులా దండం. మీలాంటి గీతలు చాలావాటికి ఎత్తుల లెక్క అరువిచ్చింది ఆ కొలతే. అయితే ఆ రాడార్ తరంగాలు దట్టమైన అడవిలో నేల దాకా సరిగ్గా దిగవు, కొమ్మల్లోనే చాలామటుకు తిరిగిపోతాయి. అంటే అడవిలో మీకు తెలిసిన 'నేల' చాలాచోట్ల చెట్ల నడినెత్తికి దగ్గర. పైగా కొలత గళ్లు గళ్లుగా ఉంటుంది, గడికి ఒకే ఎత్తు. నా తొడలు ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకున్న ఆ చిన్నచిన్న ఎక్కుళ్లన్నీ మీ గడిలో పడి, ఇస్త్రీ చేసిన చొక్కాలా నున్నగా అయిపోతాయి. వంతెనల దగ్గర మళ్లీ ఉల్టా. నేను వంతెన మీద తిన్నగా పోతుంటే మీరు కిందకి దూకి, లోయ అడుగు తాకి, అవతలి ఒడ్డు ఎక్కొస్తారు. ఎక్కాల్సిన చోట ఎగ్గొట్టి, అక్కర్లేని చోట వ్యాయామం చేసేవాళ్లని మిమ్మల్నే చూశాను.

అలాగని నా మీటరు సత్యహరిశ్చంద్రుడేం కాదు. అది గాలి పీడనం తగ్గడాన్ని బట్టి ఎత్తు లెక్కేస్తుంది. సముద్ర మట్టం దగ్గర సుమారు 8 మీటర్లు ఎక్కితే ఒక మిల్లీబార్ తగ్గుతుంది. దారిలో వాతావరణం మారితే అదీ బోల్తా పడుతుంది. కానీ అది నాతో పాటు చెమటోడ్చింది. మీరు ఓడ్చలేదు. కాబట్టి నా ఓటు దానికే.

మా సైకిల్ వాళ్లు ఎక్కుడుని 'అప్పు' అంటారు, దిగుడుని 'డౌను'. బయల్దేరిన చోటికే తిరిగొచ్చే లూప్‌లో ఎంత అప్పు చేస్తే అంత డౌను వస్తుంది, లెక్క చెల్లు అని మీ వర్గం వాదన. కాగితం మీద ఒప్పే. మూడు కిలోమీటర్ల అప్పు గంటకి 12 చొప్పున ఎక్కితే పావుగంట. అదే మూడు కిలోమీటర్ల డౌను 45 చొప్పున దిగితే నాలుగు నిమిషాలు. అంటే పావుగంట కష్టానికి నాలుగు నిమిషాల సుఖం. అందులో సగం మలుపులకి భయపడి వేసిన బ్రేకుల్లో వేడిగా ఆవిరైపోయింది. వడ్డీ ఎంతో మీరే కట్టుకోండి.

'సగటు వాలు 4 శాతం' అన్నారే, దాని సంగతి కూడా చెప్పాలి. రెండు కిలోమీటర్లకి 80 మీటర్లు, సగటు కరెక్టే. కాకపోతే మొదటి కిలోమీటరంతా చదును, ఆ 80 మీటర్లూ రెండో కిలోమీటర్లోనే. అందులోనూ ఒక 300 మీటర్లు 13 శాతం. అక్కడ గేరు మార్చబోతే చివరి గేరులోనే ఉన్నానని తెలిసింది. ఇంకా ఒకటుందేమోనని మీట మళ్లీ నొక్కాను. లేదు. అయినా ఇంకోసారి నొక్కాను. ఆశ అలాంటిది.

1910లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసుని మొదటిసారి పిరనీస్ పర్వతాల పెద్ద కనుమల మీదుగా నడిపించినప్పుడు, ఆక్టేవ్ లపీజ్ అనే పోటీదారు సైకిల్ నెట్టుకుంటూ వచ్చి నిర్వాహకుల మొహం మీదే 'హంతకులారా' అని అరిచాడు. ఆ ఏడు రేసు గెలిచిందీ ఆయనే. ఆయనకి తిట్టడానికి ఎదురుగా మనుషులున్నారు. నాకెవరున్నారు? హ్యాండిల్ మీద బొటనవేలంత తెర, దాని మీద వంకర కూడా లేకుండా మీరు.

గాలి మాట ఎత్తకూడదనుకున్నాను. కానీ ఎత్తుతాను. అడవిలో ఉన్నంతసేపూ చెట్లు కాపాడాయి. చెట్లు అయిపోయి నీళ్లు పక్కకొచ్చిన చోట ఎదురుగాలి ముఖాన కొట్టింది. నీటి మీద దానికి అడ్డేముంది? లూప్ కదా, ఇటు ఎదురైంది అటు వెనక నుంచి తోస్తుందిలే అనుకుంటాం. ఎదురుగాలిలో 20 కిలోమీటర్లు 20 వేగంతో పోతే గంట. వెనకగాలిలో అంతే దూరం 40 వేగంతో వస్తే అరగంట. గాలి తోడ్పడింది అరగంటే, చావబాదింది గంట. సగటు వేగం 30 కాదు, 27 కూడా రాదు.

మీతో నాకు ఒక్క విషయంలోనే పేచీ లేదు. నన్ను గడియారం ముళ్లకి ఎదురు తిప్పారు. ఎడమ పక్కన నడిచే బళ్లున్న చోట అలా తిరిగితే సరస్సు మన పక్కనే ఉంటుంది, మధ్యలో ఎదురొచ్చే లారీలుండవు. మంచు తెర లేస్తుంటే నీళ్ల మీద చెట్ల నీడలు తలకిందులుగా నిలబడ్డాయి. ఆ రెండు కిలోమీటర్లు మిమ్మల్ని తిట్టుకోలేదు. ఇది రికార్డు కోసం రాస్తున్నాను.

మూడో కిలోమీటర్లో మీరు నన్ను దుంగల లారీల బాటలోకి తిప్పారు. తారు లేదు. పిడికెడంత కంకర, నడుమ టైర్ల గాడులు, అడ్డంగా తాళం వేసిన ఇనుప కమ్మీ. నా టైరు వెడల్పు 25 మిల్లీమీటర్లు. ఆకాశం నుంచి చూస్తే అదీ గీతే, హైవే కూడా గీతే. సమదృష్టి అంటే మీదే. సైకిల్ కమ్మీ మీదుగా ఎత్తి అవతల దింపి, అడుగున పెడల్‌కి బిగిసే బిళ్లలున్న షూలతో గుర్రంలా టకటకమంటూ కిలోమీటరున్నర నడిచాను. అంతసేపూ మీటరు కుయ్ కుయ్‌మంటూనే ఉంది, 'దారి తప్పారు' అని. చెట్ల కింద ఉపగ్రహాల సంకేతం చెదిరిపోయి, నేను బాట పక్కన సరస్సులో ఈదుతున్నానని అది లెక్కేసుకుంది. మీ బాటలోనే నడుస్తున్నవాణ్ణి మీరే వెలేశారు.

ఇక చివరన పట్టణం. పాత పట్టణాలు ఎందుకు ఎత్తు మీద కట్టారో చరిత్ర పుస్తకంలో చదివినప్పుడు బుర్రకెక్కలేదు, ఆ రోజు కాళ్లకెక్కింది. శత్రువు పైకి చేరేసరికి ఆయాసంతో కత్తి ఎత్తలేని స్థితిలో ఉండాలి, అదీ ఉద్దేశం. నేను కత్తి కూడా తీసుకెళ్లలేదు. కోట గుమ్మం ముందు రాళ్లు పరిచిన వీధి, శతాబ్దాల పాటు జనం నడిచి నడిచి సబ్బుబిళ్లలా నున్నగా అరిగింది. వెనక చక్రం ఒక్కసారి జారింది. సైకిల్ ఆగింది. కాళ్లు పెడల్‌కి బిగించి ఉన్నాయి. మడమ పక్కకి తిప్పితే ఊడతాయి. ఆ సంగతి నాకు తెలుసు, మడమకే గుర్తురాలేదు. సున్నా వేగంతో, నిలువుగా ఉన్నవాణ్ణి మెల్లగా అడ్డంగా అయ్యాను. గుమ్మం ఫొటో తీసుకుంటున్న ఓ కుటుంబం కెమెరా కిందకి దించింది. వాళ్ల చిన్నపిల్ల "అంకుల్ పడుకున్నాడు" అంది. ఇంత నిజం ఆ రోజు నాకింకెవరూ చెప్పలేదు.

ఇంతా రాసి ఒకటి దాచడం న్యాయం కాదు. ఇంటికొచ్చి, స్నానం చేసి, మీ పక్కన అడిగిన 'ఈ రూట్ ఎలా ఉంది?' అన్న ప్రశ్నకి నేను అయిదు చుక్కలు ఇచ్చాను. ఫొటోల్లో సరస్సు ఒక్కటే పెట్టాను. కంకర బాట పెట్టలేదు, కోట గుమ్మం అసలే పెట్టలేదు. మా బావమరిది చూసి ముచ్చటపడితే మిమ్మల్ని వాడికి పంపాను, 'పెద్దగా ఎత్తేమీ లేదురా, హాయిగా ఉంటుంది' అని రాసి మరీ.

ఈ వాక్యం దగ్గరే ఫోన్ మోగింది. వాడే. వెనక నీళ్ల చప్పుడు, అంతకు మించి వాడి ఆయాసం.

"బావా, ఇది తొమ్మిదో వాగు. ఇంకా ఎన్నున్నాయి?"

"అదే ఆఖరిదిరా," అన్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
58 కిలోమీటర్ల వాడు