నడుం 26, పొడుగు 40

మా పెద్దోడికి పదమూడేళ్లు. నడుం 26 అంగుళాలు, ప్యాంటు పొడుగు 40. ఈ రెండు అంకెలు ఒకే ప్యాంటులో ఉండటం నేరమని పోయిన జూన్‌లో, బడులు తెరిచే వారం, నల్లగొండ ప్రకాశం బజార్‌లో నాకు తెలిసింది.

షాపాయన ముందు 26 తీశాడు. నడుం అచ్చంగా కుదిరింది. కింద మాత్రం చీలమండలు దాటి పిక్కలు మొదలయ్యే చోటే ఆగిపోయింది. మావాడు నాటు వేయడానికి మడిలో దిగబోతున్న మనిషిలా ఉన్నాడు. తర్వాత 30 తీశాడు. పొడుగు బ్రహ్మాండం. నడుం దగ్గర మాత్రం వీడితోపాటు వీడి చెల్లెలికీ చోటుంది. షాపాయన బెదరలేదు. బెల్టు తెచ్చి వడ్ల బస్తా మూతి కట్టినట్టు గట్టిగా బిగించాడు. కుచ్చిళ్లు పడ్డాయి.

"మస్తుగుందన్నా. పెరిగే పోరడు, ఆర్నెల్లల్ల నిండుతడు" అన్నాడు.

మరి ఆ పొట్టిది?

"అది ఫ్యాషన్. యాంకిల్ లెంత్. హైదరాబాద్‌ల అందరు గదే ఏస్తున్రు."

అంటే పొట్టిది ఫ్యాషన్, వదులుది ముందుచూపు. రెండు ప్యాంట్లూ నిర్దోషులుగా బయటపడ్డాయి. ఇక మిగిలింది మావాడు. షాపాయన వాణ్ని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి, గొంతు తగ్గించి నన్నడిగాడు: "ఇంట్ల ఏం పెడుతున్రన్నా పోరనికి?"

ఆ ఒక్క మాటతో కేసు ప్యాంటు మీంచి మా వంటింటికి బదిలీ అయింది. పక్కన చీరలు చూస్తున్న ఒక పెద్దావిడ రోజూ రెండు గుడ్లు పెట్టమంది. ఇంకొకాయన నులిపురుగుల మందు వేయించారా అన్నాడు. ప్యాంటుకు పోషకాహారం చాలట్లేదేమో అని మాత్రం ఒక్కరూ అనుమానించలేదు.

పిల్లల ప్యాంట్ల సిద్ధాంతం చాలా గంభీరమైనది. పెద్దోళ్ల జీన్స్ మీద నడుం ఒక అంకె, పొడుగు ఒక అంకె విడిగా వేయడం ఉంది. పిల్లల ప్యాంట్లలో చాలావాటి మీద మాత్రం 13-14 అని వయసు వేస్తారు. ఓటరు లిస్టులో వేసినట్టు. పుట్టిన తేదీ చెబితే నడుం ఎంతో, కాళ్లెంతో కంపెనీయే చెప్పేస్తుంది. జాతకం చెప్పే పంతులు కూడా ఇంత ధైర్యం చేయడు, కనీసం పుట్టిన సమయం అడుగుతాడు.

ఈ సిద్ధాంతాన్ని మా పిల్లలు చదవకపోవడంతోనే చిక్కంతా వచ్చింది. ఆ వయసులో ఎముక ముందు పొడుగు సాగుతుంది, కండ తర్వాత పడుతుంది. అందులోనూ కాళ్లు చేతులు ముందు బయల్దేరతాయి, మొండెం వెనక బస్సులో వస్తుంది. ఎదుగుదల జోరు మీదున్న ఏడాదిలో మగపిల్లలు 9, 10 సెంటీమీటర్లు పెరగడం మామూలే. అంటే దాదాపు నాలుగు అంగుళాలు. ఆడపిల్లలకు ఈ జోరు ఇంకో రెండేళ్లు ముందే వస్తుంది. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్ ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పొద్దంతా ఒక నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. రెడీమేడ్ వాళ్లు ఆ నీడకు కొలతలు తీసి మా పిల్లలకు కుడుతున్నారని నా అనుమానం.

ప్రభుత్వానికి పట్టదా అంటారా? ఎందుకు పట్టదు. మన దేశానికి సొంత కొలతల పట్టిక కావాలని కేంద్ర జౌళి శాఖ, ఫ్యాషన్ చదువులు చెప్పే నిఫ్ట్ సంస్థ కలిసి సర్వే పెట్టుకున్నాయి. హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25 వేల మందిని త్రీడీ స్కానర్లలో నిలబెట్టి కొలవాలని ప్రణాళిక. వయసు 15 నుంచి 65. మావాడికి 13. నిజంగా ప్యాంటు కుదరని వయసును వదిలేసి, కుదిరిన వయసు నుంచి కొలత మొదలుపెట్టారు. టేపు పట్టడంలో ఇంత ఒడుపు ఇంకెవరికీ రాదు.

అసలు మన దిక్కు ఆల్టరేషన్ కొత్తది కాదు. 2016 అక్టోబరులో నల్లగొండ జిల్లా పెద్దగుందని సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిగా కత్తిరించారు. పాలమూరును నాలుగు ముక్కలు చేశారు, ఇంకా వదులుగానే ఉందని 2019లో నారాయణపేటను తీసి ఐదోది కుట్టారు. అప్పుడు ఎవరూ "జిల్లా లూజైతే ఏమాయె, బెల్టు పెట్టుకో" అనలేదు.

ఇంకో విచిత్రం. దక్షిణ తెలంగాణలో చెప్పుకోదగ్గ నేత ఊళ్లు పోచంపల్లి, గద్వాల, నారాయణపేట. ఇక్కడి మగ్గం మీద పేరు తెచ్చుకున్న బట్టకు సైజే లేదు. మా నాయనమ్మ కట్టిన నారాయణపేట చీరనే మా చెల్లె తన నిశ్చితార్థానికి కట్టింది. నాయనమ్మ ఐదడుగులు కూడా లేదు, చెల్లె నా భుజం దాటుతుంది. చీర ఇద్దరినీ ఏమీ అడగలేదు. పంచె కూడా అంతే. చుడీదార్‌కు కింద పొడుగెక్కువైతే అదే అందం, పైన వదులైతే బొందు ఉంది. ఇంత తెలివైన బట్టలు పక్కన పెట్టి మనం జిప్పు పెట్టుకున్నాం. "రేపట్నుంచి పంచె కట్టుకుని బడికి పోరా" అన్నాను మావాడితో. "పీఈటీ సార్‌కు నువ్వే వచ్చి చెప్పు నాన్నా" అన్నాడు. ఆ ప్రతిపాదన అక్కడే వాయిదా పడింది.

ఇంట్లో ఈ విషయం మీద టెన్షన్ పడనిది మా అమ్మ ఒక్కతే. ఆమె పుట్టింది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లకు వెన్ను వంగి, నడీడులోనే కర్ర పట్టిన మనుషుల మధ్య పెరిగింది. మనవడి ఎముకలు నిటారుగా సాగుతుంటే, ప్యాంటు పొట్టిగైన ప్రతిసారీ ఉప్పుతో దిష్టి తీస్తుంది. ఆ మనవడేమో షాపుల్లో మోకాళ్లు కొంచెం వంచి నిలబడటం నేర్చుకున్నాడు. అలా నిలబడితే 26 సరిపోతుందని వాడే కనిపెట్టాడు. ఇది మాత్రం మా అమ్మకు చెప్పలేదు.

చివరికి ఆ 30నే కొన్నాం. నడుం తగ్గించమని ఒక మిషన్ దగ్గర ఇస్తే, ఆయన వెనక మధ్య కుట్టు దగ్గర నాలుగు అంగుళాలు లోపలికి లాగేశాడు. వెనక జేబులు రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలిచాయి. మావాడు దాన్ని ఒక్కరోజు వేసుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చాడు రామగిరిలో మా నాయన ప్యాంట్లు కుట్టిన టైలర్ చాచా. బట్ట కొనుక్కుని పోయాం. మావాణ్ని నిలబెట్టి, "వంగకు బేటా, సీదా నిలబడు" అన్నాడు. నడుం 26, పొడుగు 40 అని నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఏం పెడుతున్నారని అడగలేదు. కింద లోపలికి నాలుగు అంగుళాల మడత, వెనక కుట్టులో రెండు అంగుళాల బట్ట వదిలాడు. నా తొమ్మిదో తరగతి ప్యాంటుకూ ఇట్లాంటి మడతే ఉండేది. ఏటా బ్లేడుతో కుట్లు విప్పి దించితే, పాత మడత చోట ముదురు రంగు గీత మిగిలేది. మూడు గీతలున్న ప్యాంటంటే మూడేళ్ల సర్వీసు. రెడీమేడ్‌లో ఆ మడత అంగుళమైతే గొప్ప. కుట్టుకూలి మాత్రం రెడీమేడ్ ధరకు దగ్గరగా వచ్చింది, అది ఇంట్లో ఇంకా చెప్పలేదు.

దసరాకు రెండు అంగుళాలు దించాం. ఒక గీత పడింది.

మొన్న గడియారం సెంటర్‌లో ఆ షాపాయన ఎదురుపడ్డాడు. మావాణ్ని తల నుంచి కాళ్ల దాకా మళ్లీ చూశాడు. చాచా కుట్టిన ప్యాంటు మీద చూపు ఆగింది. ముఖం వెలిగిపోయింది.

"నేన్జెప్పలేదా అన్నా, ఆర్నెల్లల్ల నిండుతడని? మన ప్యాంటు ఎట్ల సెట్టయిందో చూడు!" అని నా భుజం తట్టి, మావాడి మణికట్ల వైపు చూశాడు. "అంగీ చేతులు పొట్టిగైనయి. ఎప్పుడొస్తున్రు?"