మోకాలి లోతు నీళ్లలో పెద్ద మస్కీ ఉండదా?

మస్కీ (మస్కెలంజ్) అంటే ఉత్తర అమెరికా మంచినీళ్లలో ఉండే పెద్ద వేట చేప. అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో సరదాగా గాలం వేసే మనవాళ్ల మధ్య వేసవి రాగానే ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇంతే: "మస్కీ లోతు నీళ్ల చేప. ఎండ ముదిరితే చల్లదనం కోసం అడుగుకు దిగిపోతుంది. ఒడ్డు పక్కన మోకాలి లోతులో ఉండేవి పిల్ల చేపలే, అవి కూడా పడవను చూడగానే పారిపోతాయి. ఒకవేళ ఏదైనా పడితే ఎంత ఎండలోనైనా పట్టి వదిలేయొచ్చు. లోతు నుంచి లాగలేదు కాబట్టి దానికేమీ కాదు."

ఆ చివరి మాట చేపల ప్రాణం తీస్తుంది. నేనిది రాయడానికి అదే అసలు కారణం. అయితే మిగతావి కూడా నిలబడేవి కావు కాబట్టి మొదటినుంచీ చూద్దాం.

లోతు నీళ్ల చేప అన్నారు. మస్కీ ఒంటి తీరు చూడండి. పొడవాటి శరీరం, వీపు మీది రెక్క, దాని కింది రెక్క రెండూ బాగా వెనక్కి, తోక దగ్గరికి ఉంటాయి. ఒక్క ఊపులో ముందుకు దూకడానికి తగిన ఒళ్లు అది. మైళ్ల దూరం వెంటాడి తినే చేప కాదు. దూకాలంటే ముందు పొంచి ఉండే చోటు కావాలి. అలాంటి చోటు గడ్డిలోనో, జమ్ము పక్కనో, మునిగిన దుంగల దగ్గరో, రాళ్ల మీదో దొరుకుతుంది. వెలుతురు అందే లోతు వరకే గడ్డి పెరుగుతుంది. మస్కీ తినే పెర్చ్ అనే చిన్న చేపలు తిరిగేదీ ఎక్కువగా ఆ గడ్డిలోనే. మన చెరువుల్లో కొర్రమీనుకు గాలం వేసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తామరాకుల అంచున నడుము లోతు కూడా లేని నీళ్లలో అది ఎలా కాచుకుని ఉంటుందో వాళ్లు చూసే ఉంటారు. కొర్రమీనుకీ మస్కీకీ ఒక పెద్ద తేడా ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక పెద్దవి అక్కడ ఉండవనే మాట. దీనికి సెయింట్ క్లెయిర్ సరస్సు ఒక్కటే చాలు. మిషిగన్‌కూ కెనడాలోని ఒంటారియోకూ మధ్య ఉన్న ఈ సరస్సు సగటు లోతు సుమారు 11 అడుగులు. ఓడల కోసం తవ్విన దారిని పక్కన పెడితే అన్నిటికన్నా లోతైన చోట కూడా సుమారు 21 అడుగులే ఉంటుంది. అంటే అక్కడి మస్కీ దిగిపోదామన్నా దిగడానికి లోతు లేదు. అయినా ఉత్తర అమెరికాలో మస్కీకి పేరున్న నీళ్లలో అది ముందు వరుసలో ఉంటుంది. 50 అంగుళాలు దాటిన చేపలు అక్కడ ఏటా పడుతూనే ఉంటాయి. 1988లో ఆ సరస్సులో జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు బయటపడ్డాయి. అవి నీటిని వడకట్టి తేటగా చేయడంతో వెలుతురు అడుగు దాకా దిగి గడ్డి ఇంకా పెరిగింది. పెద్ద చేపకు లోతు తప్పనిసరి అయితే ఈ సరస్సులో ఒక్క పెద్ద మస్కీ కూడా బతకకూడదు.

ఏడాది పొడవునా చూసినా అంతే. వసంతంలో నీళ్లు 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి గుడ్లు పెట్టడానికి పెద్ద ఆడ చేపలే కొద్ది అడుగుల లోతున్న మడుగుల్లోకి వస్తాయి. మిన్నెసోటాలో జూన్ మొదటి శనివారం మస్కీ పట్టే సీజన్ తెరుచుకునేనాటికి కొన్ని ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. చలి ముదిరిన శరదృతువులో సిస్కో చేపలు గుడ్ల కోసం ఒడ్డు దగ్గరి రాళ్ల మీదికి రాగానే వాటి వెనకాలే పెద్ద మస్కీలూ వస్తాయి. మధ్యలో నడివేసవిలో కూడా, వెలుతురు తగ్గిన సాయంత్రాలూ రాత్రులూ రాళ్ల మీదికీ గడ్డి మీదికీ ఎక్కి తింటాయి.

చల్లదనం కోసం అడుగుకు దిగుతుందనే మాటలో కొంత నిజం ఉంది, ఆ కొంత ఎంతో చెప్పుకోవాలి. వేసవిలో లోతైన సరస్సుల్లో నీళ్లు పొరలుగా విడిపోతాయి. పైన వెచ్చటి పొర, కింద చల్లటి పొర. కింది పొరకు గాలి తగలదు. నాచూ గడ్డీ ఎక్కువగా పెరిగే సరస్సుల్లో అవి కుళ్లి అడుగు చేరి, అక్కడున్న ఆక్సిజన్‌ను తినేస్తాయి. చల్లగానే ఉన్నా ఊపిరాడని చోట మస్కీ ఎలా ఉంటుంది? తేటగా ఉండి, అడుగున కూడా ఆక్సిజన్ నిలిచే సరస్సులు వేరు. అక్కడ సిస్కోలుంటాయి, వాటి కోసం మస్కీలు నడి సరస్సుకు వెళతాయి. నేను కాదనను. కానీ 60 అడుగుల లోతున్న చోట పట్టామంటే 60 అడుగుల అడుగున పట్టామని కాదు. చాలాసార్లు ఆ చేప పైనుంచి పది పదిహేను అడుగుల్లోనే తేలుతూ ఉంటుంది. పడవలో ఉండే ఫిష్ ఫైండర్ (నీటి లోతునూ చేపలనూ చూపే పరికరం) మీద కనిపించే పెద్ద అంకెను చేప ఉన్న లోతు అనుకోవడం వల్లే ఈ మాట ఇంతగా నాటుకుపోయిందని నా అభిప్రాయం.

పడవను చూసి బెదురుతుందన్నది నిజమే. అందుకని అక్కడ గాలం వేయకూడదని ఎందుకు అనుకోవాలి? పద్ధతి మార్చుకుంటే చాలు. పెద్ద ఇంజిన్ దూరంలోనే ఆపేయండి, గాలి వాటుకు పడవను జారనివ్వండి, లంగరు దబ్బున పడేయకండి, ఎర దూరంగా విసరండి. గడ్డి మీదుగా పైపైన లాగడానికి బక్‌టెయిల్ (వెంట్రుకల కుచ్చు ఉన్న ఎర) గానీ, గడ్డికి అంతగా తగులుకోని స్పిన్నర్‌బెయిట్ (తిరిగే రేకు ఉన్న ఎర) గానీ బాగుంటాయి. పడవ దగ్గరికి వచ్చాక కూడా ఎరను పైకి లాగేయకుండా కర్ర కొనతో నీళ్లలో వెడల్పుగా 8 ఆకారం తిప్పండి. వెనకే వచ్చిన మస్కీ ఆఖరి క్షణంలో అక్కడే నోరు వేయడం మామూలే.

ఇప్పుడు ఆ చివరి మాట. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీళ్లు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 27 డిగ్రీల దగ్గర 8 మాత్రమే. అదే వేడిలో చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. పైగా గాలానికి తగిలి పెనుగులాడుతోంది. కొర్రమీనుతో పెద్ద తేడా ఉందన్నది దీని గురించే. కొర్రమీను నీటి పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, మస్కీ మొప్పలతోనే బతకాలి. వదిలిన వెంటనే ఈదుకుంటూ వెళ్లిన చేప కొన్ని గంటల తర్వాతో, మర్నాడో చనిపోవచ్చు. మన కంటికి కనిపించదు కాబట్టే "దానికేమీ కాలేదు" అనే మాట పుట్టింది. ఎండకు ముందుగా వేడెక్కేవి ఒడ్డు దగ్గరి నీళ్లే. అంటే లోతు తక్కువ కావడం ఇక్కడ చేపకు రక్షణ కాకపోగా, ఇంకా ప్రమాదం.

మిన్నెసోటాలో చాలా సరస్సుల్లో 54 అంగుళాల లోపు మస్కీని ఉంచుకోవడానికి వీల్లేదు. అంటే మనం పట్టేవాటిలో దాదాపు అన్నీ తిరిగి వదలాల్సినవే. వదిలాక అవి బతకకపోతే ఆ నియమం పెట్టి ఏం లాభం?

పడవలో థర్మామీటర్ ఉంచుకోండి. ఎండ తగిలే పైనీళ్లు 80 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే దాదాపు 27 సెల్సియస్‌కు చేరితే ఆ రోజుకు మస్కీ గాలాలు లోపల పెట్టేసి బ్లూగిల్స్ అనే చిన్న చేపల కోసం వెళ్లండి. నీళ్లు చల్లగా ఉన్న రోజుల్లో కూడా పెద్ద వల, పొడవాటి పట్టకారు, కొక్కెం కత్తిరించే కట్టర్ లేకుండా బయలుదేరకండి. వలను నీళ్లలోనే ఉంచి కొక్కెం తీయండి. ఫోటో కావాలంటే కెమెరా సిద్ధంగా పెట్టుకున్నాకే చేపను పైకెత్తండి, కొన్ని సెకన్లలో మళ్లీ నీళ్లలోకి దించేయండి. పెనుగులాటలో అడుగు బురద లేచి ఉంటే, చేప వలలో ఉండగానే పడవను మెల్లగా తేట నీళ్లలోకి తీసుకెళ్లి వదలండి. తోక దగ్గర పట్టుకుని నిటారుగా ఉంచండి, దానంతట అది బలంగా తన్నుకుని వెళ్లేదాకా చెయ్యి తీయకండి.