ఏథెన్స్‌లో అందరూ ఓటేసేవారా?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, ఒక సందేశం ఫోన్లలో తిరగడం మొదలవుతుంది: "2,500 ఏళ్ల కిందటే ఏథెన్స్‌లో ప్రజలందరూ ఓటేసి పాలకులను ఎన్నుకునేవారు. లంచమంటే ఎరగని ఆ ప్రజాస్వామ్యమే మనకు ఆదర్శం." ఏథెన్స్ మీద నాకు అపారమైన గౌరవం ఉంది. అందుకే దాని పేరుతో ఈ తప్పుడు మాటలు ప్రచారం కావడం బాధ కలిగిస్తోంది.

"ప్రజలందరూ" అన్నది శుద్ధ అబద్ధం. స్త్రీలకు, బానిసలకు, అక్కడే స్థిరపడి పన్ను కట్టే పరాయి ఊళ్లవారికి సభలో చోటు లేదు. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీజ్ క్రీ.పూ. 451లో తెచ్చిన చట్టంతో తల్లీ తండ్రీ ఇద్దరూ పౌర కుటుంబాలవారైతేనే పౌరసత్వం దక్కేది. లారియన్ గనుల్లో బానిసలు తవ్విన వెండితో నౌకాదళం కట్టుకున్న నగరం అది. వారిని లెక్కలోంచి తీసేసి "అందరూ" అనడం అన్యాయం.

"ఓటేసి పాలకులను ఎన్నుకునేవారు" అన్నదీ చాలావరకు తప్పే. యుద్ధం చేయాలా, సంధి చేసుకోవాలా అన్నది నిక్స్ కొండ మీద కూడిన పౌరులే చేతులెత్తి తేల్చేవారు. వారి తరఫున మాట్లాడే ప్రతినిధులు లేరు. పదవుల్లో అత్యధికం లాటరీతోనే భర్తీ అయ్యేవి. ఐదు వందల మంది మండలికి పది తెగల నుంచి 50 మంది చొప్పున, 30 ఏళ్లు నిండినవారిని అలాగే ఎంపిక చేసేవారు. జీవితంలో రెండుసార్లకు మించి ఎవరికీ ఆ అవకాశం లేదు. లాటరీ ప్రజాస్వామ్య లక్షణమని, ఎన్నిక కొద్దిమంది పాలనకు గుర్తని అరిస్టాటిల్ రాశాడు. నైపుణ్యం తప్పనిసరి కాబట్టి సేనానులను మాత్రం ఏటా పది మందిని ఎన్నుకునేవారు.

ఇక లంచం సంగతి. పైలోస్ కోట చేజారినందుకు విచారణను ఎదుర్కొన్న సేనాని అనైటస్ న్యాయనిర్ణేతలను కొనేశాడని ఏథెన్స్‌లోనే చెప్పుకున్నారు. తర్వాత సోక్రటీస్ మీద నేరం మోపినవారిలో ఈయనా ఒకడు. ఆ భయంతోనే కాబోలు, ఏ న్యాయస్థానంలో ఎవరు కూర్చోవాలో విచారణ రోజు ఉదయమే తేల్చే పద్ధతి వచ్చింది. నిలువురాతికి వరుసలుగా గాట్లు, వాటిలో న్యాయనిర్ణయానికి వచ్చినవారి పేర్లు చెక్కిన పలకలు, పక్కన ఒక గొట్టం. అందులోంచి తెల్ల గోళీ జారితే ఆ వరుసవారు లోపలికి, నల్లది జారితే ఇంటికి. ముందుగా ఎవరికి డబ్బివ్వాలో తెలియకుండా చేసిన ఆ తెలివికి నేను నమస్కరిస్తాను. కానీ లంచమే లేని ఊరికి ఆ యంత్రంతో పనేముంది?

నగరం నుంచి ఎవరిని వెళ్లగొట్టాలో కుండపెంకు మీద పేరు గీసి తేల్చే బహిష్కరణ ఓటులోనూ పన్నాగాలు నడిచాయి. థెమిస్టొక్లీజ్ అనే నాయకుడి పేరు గీసిన సుమారు 190 కుండపెంకులు అక్రోపోలిస్ వాలున ఒక బావిలో దొరికాయి. వాటిపై రాత కొద్దిమందిదే. అంటే పంచిపెట్టడానికి ముందే రాయించి పెట్టుకున్నవన్నమాట.

వాళ్ల దగ్గర నిజంగా నేర్చుకోదగింది పదవి దిగేటప్పుడు ప్రతి అధికారీ లెక్క అప్పజెప్పాలన్న నిబంధన. పదవిలో ఉన్నవారినీ వదిలేవారు కాదు. క్రీ.పూ. 430లో పెరిక్లీజ్ అంతటివాణ్ణే సేనాని పదవి నుంచి తప్పించి జరిమానా వేశారు. మరుసటి ఏడాది ఆయననే మళ్లీ ఎన్నుకున్నారు.