కామాఠీపురాలో ఎవరి జ్ఞాపకం నిలవాలి?

ముంబై నడిబొడ్డున, గ్రాంట్ రోడ్డుకూ ముంబై సెంట్రల్‌కూ దగ్గరగా ఉన్న కామాఠీపురాలో సుమారు 34 ఎకరాల మేర శిథిలమైన పాత ఇళ్ళను తొలగించి, ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా ద్వారా కొత్త భవనాలు కట్టించే ప్రయత్నం సాగుతున్నది. ఆ కొత్త పేటలో ఏ చరిత్రను నిలపాలన్న ప్రశ్న మీద అక్కడే పుట్టి పెరిగిన ఒక విశ్రాంత మేస్త్రీకీ, ఆ పేటలో పడుపువృత్తిలో ఉన్న స్త్రీల కేసులు వాదించే ఒక యువ న్యాయవాదికీ మధ్య వాదంగా ఈ రచన సాగుతుంది. ఇద్దరి పూర్వీకులూ తెలంగాణ నుంచి బతుకుతెరువుకు బొంబాయి చేరినవారే.

మేస్త్రీ: బిడ్డా, నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఎన్ని అంతస్తుల మేడలు లేచినా కామాఠీపురా అన్న పేరు ఉండి తీరాలి, ఆ పేరుకు నూరేళ్ళకు పైగా అంటుకున్న మచ్చ మాత్రం పోవాలి. 18వ శతాబ్దం చివర మహాలక్ష్మి దగ్గరి సముద్రపు గండిని హార్న్‌బీ వెల్లార్డ్ కట్టతో మూసిన తరువాత, పోటు వచ్చినప్పుడల్లా మునిగే ఈ పల్లపు నేల మెల్లగా ఆరింది. దాని మీద మొదట గుడిసెలు వేసుకున్నవారు నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన మన తెలుగువాళ్ళు. మన్ను తవ్వి, రాయి మోసి, సున్నం కలిపి బొంబాయిని కట్టిన ఆ కామాటీల వల్లనే ఈ పేటకు ఆ పేరు వచ్చింది. వారిలోంచే రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాలాజీ కాలేవార్, జయ కరాడి లింగు వంటి కంత్రాటుదారులు ఎదిగారు. జ్యోతిరావు ఫులే 1873లో పుణేలో కులభేదాలను ఎదిరించే సత్యశోధక సమాజాన్ని స్థాపించినప్పుడు బొంబాయిలో దానికి అండగా నిలిచింది వీరే. ఇంతటి చరిత్ర ఉన్న పేట పేరు చెబితే ఈనాడు దేశంలో ఎవరికి ఏమి గుర్తుకు వస్తుందో నీకు తెలియనిది కాదు. అందుకే కొత్త పేటలో కామాటీల స్మారక మందిరం ఒకటి కట్టాలని, అందులో ఈ చరిత్రను తప్ప మరొకదాన్ని పెట్టకూడదని నేను పట్టుబడుతున్నాను.

న్యాయవాది: పెద్దనాన్నా, మీరు చెప్పిన చరిత్రలో ఒక్క అక్షరాన్ని కూడా నేను కాదనను. అయ్యవారి పేరు, లింగు పేరు మన తెలుగు పిల్లల పాఠాల్లో లేకపోవడం నాకూ బాధే. మరొక చరిత్రను పెట్టకూడదని మీరు గీసిన గీత దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. ఆ గీతకు అవతల మిగిలిపోయేది వేల మంది స్త్రీల జీవితం. వారు ఒకటి రెండేళ్ళు ఉండి వెళ్ళినవారు కారు. ఈ గల్లీలలోనే బిడ్డలను కని, ఇక్కడే ముసలివాళ్ళై, ఇక్కడే చనిపోయినవారు. వారిని తీసివేసి రాసిన కామాఠీపురా చరిత్ర నాకు చరిత్రలా కనిపించదు.

మేస్త్రీ: నువ్వు కోర్టులో కాగితాలు చూసిన మనిషివి, నేను అక్కడ బతికినవాణ్ణి. పేటలో పద్నాలుగు గల్లీలు ఉంటే, అన్నిటిలోనూ ఆ వ్యాపారం లేదు. మా అమ్మ గడపలో కూర్చొని బీడీలు చుట్టేది. పక్క గదిలో జరీ పని, ఎదురింట్లో తోలు సంచుల కుట్టుపని నడిచేవి. తెల్లవారకముందే మగవాళ్ళు తాపీలు, తట్టలు పట్టుకొని నాకాల మీద, అంటే నాలుగు దారుల కూడళ్ళలో, కూలికి నిలబడేవారు. ఇన్ని పనులు చేసి బతికిన పేటను లోకం ఒక్క పనితోనే గుర్తుపెట్టుకున్నది. మా ఆడపిల్లలకు సంబంధాలు చిరునామా దగ్గరే ఆగిపోయాయి. పిల్లలు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే ముంబై సెంట్రల్ అని రాసేవారు గానీ కామాఠీపురా అని రాసేవారు కారు. రాత్రిపూట పని నుంచి నడిచివచ్చే మా చెల్లెళ్ళను తాగినవాళ్ళు ధర అడిగేవారు. 2022లో ఒక హిందీ సినిమా విడుదలకు ముందు, అందులోంచి మా పేట పేరు తీసివేయించాలని కొందరు హైకోర్టుకు వెళ్ళారు, కోర్టు ఒప్పుకోలేదు. సినిమా తీసేవారికి మేము కథావస్తువుగా పనికివస్తాము, కానీ ఆ కథ వల్ల వచ్చే అవమానాన్ని మోసేది మేము. కొత్తగా కట్టే చోటనైనా మా మనవళ్ళు ఆ బరువు లేకుండా బతకాలని కోరుకోవడం తప్పా?

న్యాయవాది: తప్పని నేను అనను. మీ చెల్లెళ్ళు పడిన అవమానం చిన్నదని చెప్పడానికి నాకు నోరు రాదు. అయితే ఆ అవమానానికి కారకులెవరో తేల్చకుండా మచ్చను తుడవాలంటే, తుడిచేది మనుషులనే అవుతుంది. ఆ వ్యాపారం ఇక్కడ తనంతట తాను మొలిచింది కాదు. రేవు పెరిగిన కొద్దీ నావికులు, సైనికులు, ఇంటివాళ్ళను ఊళ్ళో వదిలి వచ్చిన వేలాది కూలీలు బొంబాయిలో చేరారు. తెల్ల సైనికులకు సుఖవ్యాధులు సోకకుండా చూడడం కోసం సర్కారు 1868లో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. సైనికుడిని వదిలి స్త్రీని పేరు నమోదు చేయించుకొమ్మన్నది, వైద్య పరీక్షకు బలవంతంగా పంపింది. ఇంగ్లాండులోనూ ఇక్కడా నిరసన రేగిన తరువాత 1888లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు. యూరప్ నుంచి తెచ్చిన స్త్రీలను ఉంచిన వీధికి సఫేద్ గల్లీ అన్న పేరు పడింది. మిగతా నగరం మర్యాదగా కనిపించాలంటే ఈ వ్యాపారం ఒకచోట ఉండాలని పోలీసు అధికారులు అనుకున్నారు. ఆ ఒక్క చోటు కూలివాళ్ళ పేట కావడానికి కారణం ఏమిటి? ధనికులుండే మలబార్ హిల్‌లో అటువంటి ఏర్పాటు చేయగలిగేవారా? మీ తాతలకు అడిగే నోరు లేదని తెలిసే ఆ భారాన్ని మీ గుమ్మంలో దించారు. ఇవన్నీ మీ మందిరంలో లేకపోతే, చూడవచ్చినవారు ఆ మచ్చకు మీ పేటవాళ్ళనే బాధ్యులుగా అనుకొని వెళతారు.

మేస్త్రీ: ఈ మాటలో బలం ఉంది, కాదనను. కానీ ఒకే గోడ మీద రెండు కథలు పెడితే జనం ఏది చూస్తారో ఆలోచించు. సున్నం కలిపిన మనిషి కథ ముందు ఎవరూ నిలబడరు. బట్టల మిల్లుల పేట గిరణ్‌గావ్ సంగతి చూశావు కదా. మన పద్మశాలీలు మగ్గాలు నడిపిన ఆ మిల్లులలో 1982 జనవరి 18న సమ్మె మొదలైంది, రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపారు. చాలా మిల్లులు మళ్ళీ సరిగా తెరుచుకోలేదు, వాటి నేల మీద మాల్‌లు, ఆఫీసు బురుజులు లేచాయి. ఇవాళ లోయర్ పరేల్‌లో కాఫీ తాగే కుర్రవాడికి తన కుర్చీ కింద ఎవరి మగ్గం ఆడిందో తెలుసా? శ్రమ చేసినవాడి జ్ఞాపకం అంత తేలికగా పోతుంది. ఆ స్త్రీల కథ చెప్పడానికి సినిమాలున్నాయి, పుస్తకాలున్నాయి, పరిశోధకులున్నారు. మా కథకు ఈ ఒక్క గది తప్ప చోటు లేదు.

న్యాయవాది: సినిమాలు చెప్పేది వారి కథ అని మీరు ఎలా అనుకున్నారు? తెర మీద కనిపించే నగలు, పాటలు, కత్తిలాంటి మాటలు ఆ పింజరా గదుల్లో, పంజరాల వంటి ఆ గదుల్లో ఎక్కడున్నాయి? ఆ స్త్రీలు మనకు పరాయివాళ్ళు కూడా కారు. నేపాల్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చినవారితో పాటు, దేవత పేరు చెప్పి జోగినులుగా విడిచిన మన తెలంగాణ పిల్లలూ, కరువు సీమ నుంచి పని ఇప్పిస్తామని తెచ్చి అమ్మిన ఆడవాళ్ళూ ఇక్కడికి చేరారు. అటువంటి సమర్పణను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేయవలసి వచ్చిందంటే అది ఎంతగా పాతుకుపోయిందో తెలుస్తుంది. ఒకే కరువు మీ తాతను తట్ట పట్టించి బొంబాయికి పంపింది, ఆ పిల్లను దళారి చేతిలో పెట్టి పంపింది. మీరు ఇందాక ఫులే పేరు ఎత్తారు. ఆయనా సావిత్రీబాయీ గర్భవతులైన విధవలకు పురుడు పోయడానికి 1863లో పుణేలో ఆశ్రమం తెరిచారు. చెడిపోయిందని లోకం అన్న ఒక స్త్రీ కన్న బిడ్డను దత్తత తీసుకొని యశ్వంత్ అని పెంచారు. ఆయనకు అండగా నిలిచినవారి పేరు మీద మందిరం కట్టి, దాని గుమ్మంలోకి ఆ పేట స్త్రీలను రానివ్వబోమంటే, అయ్యవారికి మనమిచ్చే గౌరవం ఎటువంటిది?

మేస్త్రీ: ఫులే మాట చెప్పి నన్ను కట్టేశావు. అయితే ఒక సంగతి నీ వాదంలో ఎక్కడా రాలేదు. ఆ స్త్రీలను నువ్వు అడిగావా? నేను వాళ్ళతో ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టినవాణ్ణి. వాళ్ళలో చాలామంది ఊరికి డబ్బు పంపేటప్పుడు కార్ఖానాలో పని చేస్తున్నామని, ఇళ్ళలో వంట చేస్తున్నామని రాయించేవారు. అక్షరం రాని ఒకరిద్దరికి నేనే ఉత్తరాలు రాసి పెట్టాను. బిడ్డలను దూరాన హాస్టల్‌లో ఉంచి, ఎప్పుడైనా వెళితే బంధువులమని చెప్పుకునేవారు. జీవితమంతా దాచుకున్నదాన్ని వాళ్ళు పోయిన తరువాత మనం గోడకు ఎక్కిస్తే, అది వాళ్ళకు గౌరవమా, మరొకసారి బజారులో నిలబెట్టడమా?

న్యాయవాది: ఇది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. అందుకే ఒక్క స్త్రీ ముఖం గాని, పేరు గాని, తన ఇష్టంతో స్వయంగా ఇస్తే తప్ప గోడ మీదికి రాకూడదు. గోడ మీద ఉండవలసినది చట్టాల పాఠం, పోలీసు ఉత్తర్వు, ఒక మంచాన్ని పూటల లెక్కన అద్దెకిచ్చి సొమ్ము చేసుకున్నవారి లెక్క. సిగ్గుపడవలసినవారు ఇంతకాలం తప్పించుకున్నారు, స్త్రీలు తలదించుకున్నారు. అయినా పెద్దనాన్నా, గోడ కన్నా నన్ను తొందరపెడుతున్నది ఇళ్ళ జాబితా. కొత్త ఇల్లు రావాలంటే అద్దె రసీదో, ముందుగా పెద్ద మొత్తం ఇచ్చి గది తీసుకున్న పగడీ కాగితమో, పాత కరెంటు బిల్లో చూపాలి. ఆ గదుల అద్దె యజమానురాలి పేరు మీదో, ఇంకెవరి పేరు మీదో ఉంటుంది. ఇరవై, ముప్ఫై ఏళ్ళు అక్కడే ఉన్న స్త్రీ చేతిలో ఒక్క కాగితం ఉండదు. ఆమె వంటి వారికి రేషన్, ఓటరు కార్డు, ఆధార్ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021-22లో చెప్పింది గానీ, గుర్తింపు కార్డు వేరు, గది మీద హక్కు వేరు. 1896లో ప్లేగు వచ్చిన తరువాత నగరాన్ని బాగుచేయడానికి సర్కారు పెట్టిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు తన మొదటి పథకాన్ని పక్కనున్న నాగ్‌పాడాలోనే మొదలుపెట్టి ఇళ్ళు కూల్చింది. బాగుచేయడం పేరుతో వీధిన పడిన పేదలు చుట్టుపక్కల ఇరుకు గదుల్లోకే చేరవలసి వచ్చింది. అదే మళ్ళీ జరగబోతుంటే మందిరం గురించి మాట్లాడుకోవడానికి నాకు మనసు రావడం లేదు.

మేస్త్రీ: కాగితాల సంగతి నాకు కొత్త కాదు. మా నాన్న పేరు మీద ఉన్న పగడీ రసీదును మేము ఇనుప పెట్టెలో దాచుకున్నాము కాబట్టి మాకు ధైర్యం. ఏ గదిలో ఎవరు ఎన్నేళ్ళుగా ఉన్నారో మా గల్లీ పెద్దలకు నోటిలెక్క. అధికారులు వచ్చినప్పుడు మేము సాక్ష్యం చెప్పకపోతే వాళ్ళ తరఫున చెప్పేవారు ఉండరని నాకు తెలుసు. నువ్వు అర్జీ రాయి, దాని కింద మొదటి సంతకం నాది, మిగిలిన పెద్దలతో పెట్టించే పూచీ కూడా నాది. మందిరం దగ్గర మాత్రం నేను ఇంకా నీతో ఏకీభవించలేదు. నీ చట్టాల గోడకు వేరే గది ఉండాలి, అందరూ ముందుగా అడుగుపెట్టే గదిలో తాపీ, తట్ట, సున్నపు గమేళా ఉండాలి.

న్యాయవాది: అర్జీ రేపే తెస్తాను. గదులు వేరైనా నాకు సమ్మతమే, కానీ రెండిటికీ ఒకే ద్వారం ఉండాలని ఆ అర్జీలోనే రాస్తాను. చదివి చూడండి, ఒప్పుకోలేకపోతే ఆ వాక్యం పక్కనే మీ అభ్యంతరం కూడా రాసి సంతకం పెట్టండి.